మామగారి బస్ షెల్టర్

"రేపే స్తంభాలు పగలగొట్టించి మామూలు రేకుల షెడ్డు ఏపిస్తా" అన్నాడు ఫణికుమార్, కారు దిగకుండానే.

కొనకనమిట్ల దారిలో తమ ఊరి అడ్డరోడ్డు దగ్గర, చనిపోయిన తండ్రి పేరు మీద అతను కట్టించిన బస్ షెల్టర్ అది. నమూనా గీసింది భార్య లక్ష్మీప్రసన్న. డిగ్రీలో హోమ్ సైన్స్ చదివిన మనిషి. ఎండ ఎటు నుంచి పడుతుందో చూసి గోడ పెట్టించింది. ముసలివాళ్ల మోకాళ్లకు తగ్గ ఎత్తులో బల్ల కట్టించింది. అక్కడితో ఆగినా బాగుండేది. స్తంభాలకు తామరపూలు, పైన చిన్న శిఖరం, గోడలో గూడు, గూట్లో మామగారి ఫోటో కూడా పెట్టించింది.

నెల తిరిగినా ఆ బల్ల మీద ఎవరూ కూర్చోలేదు. వచ్చినవాళ్లు ఫోటోకు దండం పెట్టి, బయటికి పోయి ఎండలో నిలబడుతున్నారు.

"గుడి మాదిరి గీస్తే ఎవరు కూర్చుంటారు? మన దుకాణానికొచ్చినోళ్లంతా నవ్విపోతుండారు."

కొత్త అందం జనానికి ఎక్కడానికి టైం పడుతుందని ఆమె వాదించింది. చివరికి ఒప్పందం కుదిరింది. సాయంత్రంలోగా ఒక్కరు కూర్చున్నా షెల్టర్ ఉంటుంది, లేదంటే రేకులే. అతను ఊళ్లోకి వెళ్లాడు. ఆమె ఎదురుగా టీ బంకు నీడలో కాపు కాసింది.

ముందు గొర్రెల యల్లయ్య వచ్చాడు. బల్ల నీలాంటివాళ్ల కోసమే, కూర్చో మామా అని ఆమె బతిమాలింది.

"వద్దులేమ్మా. పెద్దాయన ముందర కాళ్లు చాపుకోని ఎట్ల కూర్చుంటాం?"

అతని గొర్రెలు కూడా మెట్టు దగ్గరే ఆగాయి. వాటికీ కళ అంటే గౌరవం ఉందని లక్ష్మీప్రసన్న సరిపెట్టుకుంది.

పొద్దు వాలుతుండగా సంచీ మోసుకుంటూ ఒక పెద్దామె వచ్చింది. చెప్పులు బయటే విడిచింది. నేల అంత శుభ్రంగా ఉంది మరి, అనుకుంది లక్ష్మీప్రసన్న. పెద్దామె నేరుగా వెళ్లి బల్ల మీద కూర్చుంది. స్తంభానికి ఆనుకుంది. టిఫిన్ డబ్బా తీసి తిన్నది. ఆ తర్వాత చేయి తలకింద పెట్టుకుని హాయిగా పడుకుంది. బల్ల వెడల్పు పెంచమని మేస్త్రీతో పోట్లాడింది తానేనని గుర్తొచ్చి లక్ష్మీప్రసన్నకు కళ్లు చెమర్చాయి. వెంటనే భర్తకు ఫోన్ చేసింది.

ఫణికుమార్ వచ్చి చూశాడు. చాలాసేపు చూశాడు.

"నువ్వే గెలిచినావు" అన్నాడు. తనను గెలిపించిన మనిషిని దగ్గర నుంచి చూడాలని ఆమె అతన్ని లోపలికి తీసుకుపోయింది.

"ఏ బస్సుకు పోవాలమ్మా?" అని అడిగాడతను.

పెద్దామె లేచి కూర్చుని కొంగు సర్దుకుంది.

"బస్సెందుకు నాయనా? కోడలి కడుపు పండాలని మొక్కుకున్నా, ఈ సామి దగ్గర మూడు నిద్రలు చేసిపోదామని వచ్చినా."