అరిగిన వేలు

"అక్కా, పాప ఆధార్‌కు నీ వేలుతోని కాదు," అన్నాడు ఆధార్ సెంటర్ ఉపేందర్. "పాప పుట్టిన కాగితంల నీ ఇంటిపేరు అత్తగారిదుంది. నీ కార్డుల ఇంకా పుట్టింటిదే ఉంది. అది సరిచేసి రావాల్నంటె నెల పైనే పడ్తది."

మమత ఒళ్లో మూడేళ్ల విద్య కిలకిలా నవ్వుతోంది. కాస్త గట్టిగా నవ్వినా ఆ పిల్ల పెదవులు నీలమవుతాయి. గుండెలో రంధ్రం. ఈ నెలాఖరుకే హైదరాబాద్‌లో ఆపరేషన్. మామ సదయ్య దిగిపోయాక ఆయన బదులు కొడుకు సంపత్‌కి వచ్చిన బొగ్గుబాయి నౌకరి పుణ్యమా అని, ఖర్చంతా కంపెనీదే. కాగితాల్లో పిల్ల ఆధార్ నంబరు పడాలి, అంతే.

"నెల ఆగితె నా బిడ్డ దక్కుతదా తమ్మీ?"

"ఫికరెందుకక్కా?" ఉపేందర్ ఫారం చూశాడు. "తండ్రి వేలు పెట్టినా ఐతది. సంపతన్న ఏడున్నడు?"

"బయటున్నడు గని... డ్యూటీకి పోవాలె."

"వేలు పెట్టుడు ఎంతసేపు? సంపతన్నా, లోపలికి రా!"

వెనక నిల్చున్న అవ్వ గొణిగింది. "మొగన్ని దాసిపెట్టుకుంటదా ఏంది? జల్ది కానియ్యుండ్రి."

భర్త వచ్చాడు. మమత మొహం తిప్పుకుంది. అతను బొటనవేలు చొక్కాకు రెండుసార్లు తుడిచి మెషీన్ మీద పెట్టాడు. ఎర్రలైటు. మళ్లీ పెట్టాడు. మళ్లీ ఎరుపే.

ఉపేందర్ నవ్వాడు. "బాయిల పని! గీతలన్నీ బొగ్గు తినేసింది. దినాం పదిమంది ఇట్లనే వస్తరన్నా."

మమతకు ఊపిరి తిరిగొచ్చింది.

"ఐనా ఏం కాదు, కండ్లు పెడ్దం. వేళ్లు అరుగుతయి గని కండ్లు అరుగుతయా?"

"కలవకుంటె?" అతను మొదటిసారి నోరు విప్పాడు.

"నీ కండ్లు నీకు కలవయా? మంచిగ చెప్తివి!"

ఉపేందర్ నల్లటి పెట్టెను అతని ముఖం దగ్గరికి తెచ్చాడు. "నాయినా, ఫొటో! నవ్వు!" అంది విద్య.

మమత చటుక్కున చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు తమ్మీ. నా కార్డే సరిచెయ్యి."

"ఆపరేషన్ తేదీ పోతదక్కా!"

"పోనియ్యి."

"నువ్వేం తల్లివే!" అంది అవ్వ.

మమత తన కార్డు కాగితాలిచ్చి, రసీదు తీసుకుని బయటికొచ్చింది. మెట్ల మీద భర్త పిల్లను గుండెకు హత్తుకుని ఏడుస్తున్నాడు.

"ఊకో," అందామె. "కాళ్లు పట్టుకునైనా ఇంకో తేదీ అడుగుదం. నౌకరి పోతె ఎవలనడుగుతం?"

అతను సంపత్ కాదు, చనిపోయిన సంపత్ పేరుతో బాయిలోకి దిగుతున్న తమ్ముడు.