కొంగలగడ్డ మీద ఒక్క మాట

అన్న చేతికి మైకు అందకూడదు. భూపాలపల్లి ఫంక్షన్ హాలు గుమ్మంలో ఎర్రయ్య కనపడగానే తిరుపతి గట్టిగా అనుకున్నాడు.

గోదావరి నడుమ పదిహేడెకరాల దీవి కొంగలగడ్డ. దాన్ని ప్రత్యేక పర్యాటక అభివృద్ధి మండలం చేయాలా, వద్దా అని ఆ మధ్యాహ్నం ప్రజాభిప్రాయ సేకరణ. వరదల వల్ల ఇప్పటికి రెండుసార్లు వాయిదా పడింది. చేయాల్సిందేనంటున్న సాధన కమిటీకి తిరుపతే అధ్యక్షుడు. హాల్లోని కుర్చీలు, బయటి షామియానా కూడా అతని టెంట్ హౌస్‌వే.

తిరుపతి ఊరు వదిలి భూపాలపల్లి చేరి పదిహేనేళ్ళు. ఎర్రయ్య మాత్రం నది ఒడ్డునే ఉండిపోయాడు. పడవ మీద గడ్డకు పోయి, తండ్రి చేసినట్టే పుచ్చ, పెసర పండిస్తాడు. కమిటీ పెట్టిన నాటి నుంచి, అంటే ఏడాదిగా, అన్నదమ్ములకు మాటల్లేవు. బతుకమ్మకు వదిన పంపిన సత్తుపిండిని కూడా తిరుపతి వాపసు చేశాడు.

అలాంటిది ఎర్రయ్యే నడుచుకుంటూ దగ్గరికి వచ్చాడు. మోకాళ్ళ దాకా బురద. పంచె ఇంకా ఆరలేదు.

“తమ్మీ, జర బయటికి రా. ఒక్క మాట చెప్పాలె.”

ఏడాదికి విన్న గొంతు. తిరుపతి ఒక అడుగు ముందుకు వేశాడు. వెంటనే సర్దుకున్నాడు. బయటికి పోతే అన్న బతిమాలతాడు, తను కరిగిపోతాడు. హోటల్ మేనేజ్‌మెంట్ చదివిన కూతురు శ్రావ్య గడ్డ మీద రాబోయే రిసార్టులో ఉద్యోగం వస్తుందని ఆశగా ఉంది. ఆమెకేం చెప్పాలి?

“ఏదున్నా మైకుల చెప్పు. అందరు ఇంటరు.”

“మైకుల చెప్పే ముచ్చట గాదురా. ముందుగాల నువ్వు ఇనాలె.”

తిరుపతి మొహం తిప్పుకున్నాడు. తిన్నగా పోయి, పేర్లు రాస్తున్న మనిషి చెవిలో ఏదో ఊదాడు. జాబితాలో మూడోదిగా ఉన్న ఎర్రయ్య పేరు చిట్టచివరికి జారింది.

సభ మొదలైంది. గోడ నిండా రంగుల పటం వేలాడుతోంది. ఆకుపచ్చ గడ్డ, ఎర్ర కప్పుల కాటేజీలు, మధ్యలో నీలం రంగు ఈత కొలను.

జనగామ నుంచి వచ్చిన బట్టల వ్యాపారి లేచాడు. “గిది గిట్ల తయారైతే మన మూడు జిల్లాలోళ్ళు గోవా పోవుడు బంద్ జేస్తరు!”

చప్పట్లు.

మహబూబాబాద్ కాలేజీలో పాఠాలు చెప్పే కవిత కొంగల ఫొటోలు ఎత్తి చూపింది. “ఇవి ఎక్కడ గూళ్ళు కట్టుకోవాలె? వాటికి ఓటు లేదనా?”

మళ్ళీ చప్పట్లు. ఈసారి అవతలి వైపు.

హెలిప్యాడ్ తూర్పున ఉండాలా, పడమరనా అని అనుకూలురే రెండు ముక్కలయ్యారు. ఒకరి కాలర్ ఒకరు పట్టుకున్నారు. రెండు కుర్చీలు విరిగాయి. తన కుర్చీలే అయినా తిరుపతి ఓర్చుకున్నాడు.

వెనక వరుసలో ఎర్రయ్య రెండుసార్లు చెయ్యెత్తాడు. రెండుసార్లూ కమిటీ వాళ్ళే భుజం నొక్కి కూర్చోబెట్టారు.

తిరుపతి వంతు వచ్చింది. అతను మాట్లాడుతుంటే హాలు సద్దుమణిగింది. “మా నాయిన గా గడ్డ మీదనే చెమటోడ్చిండు. నేను అమ్ముకుంటనా? మనం పోతం, మన పిల్లలు పోతరు. గడ్డ మాత్రం యాడికి పోతది? ఆన్నే ఉంటది. దాని మీద నలుగురు బతకాలంటున్న, గంతే!”

చివరి మాటకు అతను నిజంగానే కళ్ళు ఒత్తుకున్నాడు. కవిత పక్కన కూర్చున్నవాళ్ళలో కూడా ఒకరిద్దరు కళ్ళు తుడుచుకున్నారు.

చేతులెత్తమన్నారు. లెక్కపెట్టనక్కర్లేకుండానే తేలిపోయింది. తిరుపతి మెడలో దండ పడింది. వేదిక మీది అధికారి కాగితాలు సర్దుకుంటూ అడుగున మిగిలిన పేరు చూశాడు.

“ఎర్రయ్య ఎవరు? రండి. అనుకూలమా, వ్యతిరేకమా, ఒక్క ముక్కలో చెప్పండి.”

 అన్న నోరు తెరిస్తే గెలిచిందంతా తలకిందులవుతుందేమో. తిరుపతి ఆపడానికి లేవబోయాడు. దండ కుర్చీకి చిక్కుకుంది.

ఎర్రయ్య మెల్లగా మైకు దగ్గరికి వచ్చాడు. దాన్ని ఎలా పట్టుకోవాలో తెలియక రెండు చేతులతో పట్టుకున్నాడు. అధికారి వైపు చూడలేదు. తమ్ముడి వైపే చూశాడు. 

“తమ్మీ, నీళ్ళు తగ్గినయని పొద్దుగాల పడవేసుకొని పోయిన, మన గడ్డను వరద మొత్తానికి మొత్తం కోసుకపోయింది, ఆడ గెడ దించితే అడుగు సుత తగుల్తలేదురా.”