ఖాళీ కాని మెమరీ

“అన్నయ్యా, నీ కంప్యూటర్ ఎందుకు మొరాయిస్తోందో దొరికింది,” అంది చెల్లెలు. ఇద్దరిదీ ప్రోగ్రామింగ్ పనే. “నువ్వు రాసిన చాట్ పేజీలోంచి ఒకరి చాట్ పెట్టె తీసేశావు. దాంతోపాటే అందులోని కబుర్లూ ఫొటోలూ మెమరీలోంచి పోవాలి. పోలేదు.”

“కోడ్‌లో ఎక్కడో ఏదో లైను వాటిని పట్టుకుని ఉంటే పోవు,” అన్నాడు అన్న.

“ఆ లైను నువ్వే రాశావు.”

ఆమె ఆ డేటా తెరిచింది. వదిన పేరు, వదిన పోయిన రోజు తేదీ. కింద, ‘టైప్ చేస్తోంది’ అని ఉంది.

మూడు నెలలుగా అతను ఆ పేజీ మూయనే లేదు.

“ఒక్కసారి పేజీ రిఫ్రెష్ చేస్తే ఇదంతా చెరిగిపోయి...” అనబోయి ఆగిపోయింది.

“కాసేపు చూద్దాం,” అన్నాడతను, స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండా. “మీ వదిన టైపింగ్‌లో ఎప్పుడూ నిదానమే.”