సాంబారు చేసే విధానం

"ఈ బొమ్మ వద్దు పాపా," అన్నాను.

మాధవరంలో మొగుళ్ల చేతుల్లో దెబ్బలు తిన్న ఆడోళ్ల ఆశ్రమానికీ, ఒక సాంబారు పొడి కంపెనీకీ కలిపి పొడి ప్యాకెట్టు మీద వేసే బొమ్మ గీసే పని మా శరణ్యది. ప్యాకెట్టు మీద వాచిన కన్ను గీసి, కింద ఆశ్రమం ఫోన్ నంబరు వేసింది.

"మొగుడు చూస్తే రెండో కన్నూ వాయగొడతాడు."

"నీకు అన్నిటికీ భయమే అమ్మా. మరి నంబరు ఏడ వెయ్యాల?"

"వెనకాల, సాంబారు చేసే విధానం కింద. మీ నాయన ఏనాడూ అది చదివిన పాపాన పోలేదు."

శరణ్య నవ్వింది. "నువ్వు మాత్రం చదివినావా?"

"నువ్వు బడికి పోయినాక ఆయన చెయ్యి చేసుకున్నప్పుడల్లా, గోడవైపు తిరిగి, పొడి ప్యాకెట్టు పట్టుకుని అదే చదివేదాన్ని. అంతా నోటికొచ్చు."

పాప నవ్వు ఆగిపోయింది. కన్ను చెరిపేసింది.

"నంబరు లావుగా వెయ్యి," అన్నాను. "ఎర్రగడ్డలు తరుగుతా ఏడుపు వాటి మీదికి నెట్టేటప్పుడు కూడా, తడి కళ్లకు కనబడాల."