క్వారీ గుంత ఖర్చు

"లెక్క తప్పింది బిడ్డా" అన్నాడు ముసలాయన, కానుగ మొక్క మొదట్లో బిందె వంచుతూ.

సుహాసిని టేపు చుట్టడం ఆపింది. మహబూబ్‌నగర్‌లో గనుల ఆఫీసు ఉద్యోగంలో చేరి ఆమెకింకా ఏడాది కాలేదు. పెబ్బేరు దగ్గర మూతపడ్డ ఈ కంకర క్వారీని పూడ్చి, లారీల రోడ్డుతో సహా పచ్చగా చేయడానికి ఎంతవుతుందో అంచనా కట్టమని పంపారు. తీరా వచ్చి చూస్తే గుంత దాదాపుగా పూడి ఉంది. రోడ్డు మీద వేప, కానుగ, సీతాఫలం మనిషెత్తు లేచాయి. వాటి మధ్య మాసిన ధోవతితో, భుజాన కావడితో ఈ పెద్దమనిషి ఒక్కడే తిరుగుతున్నాడు.

"ఏడ తప్పింది తాతా?"

"నాలుగు లక్షల ఎనభై వేలంటివి. మట్టికి తక్కువేసినవ్. చెరువు మట్టి తోలాలె. లారీలు తొక్కిన నేల, నాగలి దిగదు, గడ్డపారతోనే పొడవాలె. ఎరువుకని మూడు వానకాలాలు గొర్ల మంద ఆపిచ్చిన. రెండు లారీల పైసలు గిండ్లనే పోయినయ్."

"ఎవరిచ్చిండ్రు?"

"ఎవరిస్తరు బిడ్డా?"

సుహాసినికి చేతులెత్తి మొక్కాలనిపించింది. ఆఫీసు మొత్తం కలిసి చేయలేని పని ఒక్క ముసలాయన చేశాడు! ఆ వెంటనే ఒళ్లు మండింది. సంచిలోంచి లీజు కాగితం తీసి చూపించింది.

"గీ కురుమూర్తి ఏడున్నడు తాతా? గుట్టను మింగి, గుంతను ఊరి మీద వదిలేసి పత్తా లేడు. సంతకం చూడు, ఎంత పొగరో! తోక కాగితం అంచుదాకా లాగిండు."

ముసలాయన కాగితం వైపు చూడలేదు.

"శానా పాపం చేసిండు. గీ దుమ్ముకే మా ఊరి జానకమ్మ పెనిమిటి దవాఖాన్ల పాణం ఇడిసె. తిట్టు బిడ్డా, మంచిగ తిట్టు."

"తిడితే ఏమొస్తది? వాని డిపాజిట్ రెండు లక్షలు మా దగ్గరున్నయి. పని అయిందని రాస్తే అవి వానికే పోతయి. కాలేదని రాస్తే టెండరు పిలుస్తరు. మిషన్లొచ్చి మొత్తం చదును చేస్తయి."

"చెట్లు గూడనా?"

"చెట్లు గూడ."

ఆయన బిందె కింద పెట్టాడు. "నీ కాళ్లు మొక్కుత బిడ్డా. చెట్లను ముట్టకుర్రి."

సుహాసిని లీజు కాగితం మళ్లీ తిరగేసి చూసింది.

"ఒక్కటే దారుంది. పని అయింది, కానీ లీజు తీసుకున్నోడు చేయలే, ఈ పెద్దమనిషి చేసిండని రాస్త. చెట్లుంటయి. డిపాజిట్ జప్తయితది. కాకుంటే నువ్వు సాక్షి సంతకం పెట్టాలె. కురుమూర్తికి పైసా రాకూడదు."

"రావద్దు" అన్నాడాయన తడుముకోకుండా.

ఆమె అక్కడే రాయి మీద కూర్చుని రిపోర్టు రాసింది. "నీ పేరేంది తాతా?"

"సంతకంల ఉంటది గద."

వేలిముద్రకని ఆమె సిరా డబ్బా తెరిచింది. ఆయన చేతులు ధోవతికి తుడుచుకుని, "పెన్ను ఇయ్యి" అన్నాడు. సంతకం పెట్టి కావడి ఎత్తుకుని, వెనక్కి చూడకుండా బావి వైపు నడిచాడు.

ఆ నడకను కళ్లారా చూసుకుని, సుహాసిని కాగితం ఫైల్లో పెట్టబోయింది.

తోక అంచుదాకా లాగి, "కురుమూర్తి" అని ఉంది.