పెల్లో గారి కూతురు

“ఇవాళ కూడా తడిసే వచ్చారా? లండన్‌లో ఉంటూ గొడుగు కొనని మనిషిని మిమ్మల్నే చూశాను!” అని విసుక్కుంటూ సెక్రటరీ బెరిల్, ఆస్క్విత్ గారి కోటును గోడ మేకుకు తగిలించింది. “అన్నట్టు, కింద ఒకావిడ కూర్చుని ఉంది సార్. ఆగస్టస్ పెల్లో గారి కూతురట.”

ఆస్క్విత్‌కు తాగుతున్న టీ పొలమారింది.

“కూతురా! పెల్లోకి కూతురేమిటి, నీ మొహం!”

“నన్నంటారేం? ఆయన్ని కన్నది మీరేగా!”

నిజమే. దేశంలో పేరున్నవాళ్ల వివరాలతో ఏటా వెలువడే లావుపాటి పుస్తకానికి ఆస్క్విత్ సంపాదకుడు. ఎవడైనా దాన్ని కాపీ కొట్టి అచ్చేసుకుంటే పట్టుకోవడానికి, నలభై ఏళ్ల కిందట లేని మనిషినొకణ్ణి కల్పించి అందులో దూర్చాడు. పేరు ఆగస్టస్ పెల్లో, వృక్షశాస్త్రవేత్త. కాలక్షేపాలు: వానలో గొడుగు లేకుండా నడవడం, పార్కులో బాతులకు రొట్టెముక్కలు వేయడం. ఈ గుట్టు ఆఫీసులో వాళ్లిద్దరికే తెలుసు.

వచ్చినావిడకు యాభై ఏళ్లుంటాయి. డాక్టర్ హెస్టర్ పెల్లో, పసిపిల్లల గుండెలకు ఆపరేషన్లు చేస్తుంది. ఈ ఏడాది పుస్తకంలో ఆవిడ పేరూ ఎక్కుతోంది. నింపిన ఫారం స్వయంగా తెచ్చింది. తండ్రి పేరు దగ్గర ‘ఆగస్టస్ పెల్లో’ అని రాసి ఉంది.

“ఆయన మీ నాన్నగారని... ఎలా తెలుసమ్మా?”

“నేను పెల్లో వీధి మలుపులో దొరికిన పిల్లనండీ. అనాథాశ్రమం వాళ్లు ఆ పేరే తగిలించారు. బళ్లో ‘మీ నాన్నేం చేస్తాడే?’ అని ఒకటే ఏడిపించేవాళ్లు. పదేళ్లప్పుడు లైబ్రరీలో మీ పుస్తకం తిరగేస్తే, దేశం మొత్తానికి పెల్లో ఒక్కడే కనిపించాడు. ఆ పేజీ చూపించి అందరి నోళ్లూ మూయించాను!” అని ఆవిడ నవ్వింది. “వానలో నడవడం నేర్చుకున్నాను. నా రొట్టెలో సగం బాతులకు పెట్టాను. అంతటివాడి కూతురు చదువు మానేస్తే బాగుండదని చదివాను. నాకంటూ ఉన్న నాన్న ఆయనే. ఆయనకు కృతజ్ఞత చెప్పుకోవాలని ఎన్నేళ్లుగానో అనుకుంటున్నాను.”

ఆస్క్విత్ ఆ ఫారాన్ని మరోసారి చూశాడు. మొన్ననే ఒక ప్రభువు వచ్చి తన వయసు రెండేళ్లు తగ్గించి వేయమని బతిమాలితే కుదరదని పంపేశాడు. నిజమైన మనిషి వివరాల్లో అబద్ధం పడనివ్వకపోవడమే అతని జీవితమంతా. ఇప్పుడు నిజం చెబితే ఈ తల్లి మళ్లీ అనాథ అయిపోతుంది. చెప్పకపోతే తన పుస్తకం తప్పవుతుంది.

“ఆయన...” అంటూ మొదలుపెట్టి, కళ్లు తుడుచుకున్నాడు. “ఆయన మిమ్మల్ని చూస్తే పొంగిపోయేవాడమ్మా. ఇలాగే అచ్చు వేయిస్తాను.”

ఆవిడ లేచింది. గోడమీద నీళ్లోడుతున్న కోటునూ, దాని జేబులోంచి తొంగిచూస్తున్న రొట్టెముక్కల పొట్లాన్నీ కాసేపు చూస్తూ నిలబడింది. తర్వాత దగ్గరికొచ్చి ముసలాయన చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

“పెల్లో అనేవాడే లేడని నాకు పదహారో ఏటే తెలుసు, నాన్నా.”