పడమటి కిటికీ

సాయంత్రం అతను మళ్ళీ వచ్చి గట్టు మీద నిలబడ్డాడు.

కుట్టుమిషన్ తొక్కుతున్న ఆమె కాళ్ళు ఆగిపోయాయి.

భారీ మనిషి. దవడ మీద కాలిన మచ్చ. పని చేసేది ఊరి చివర గాలిమరల దగ్గర. కొన్నాళ్ళుగా చూసేది మాత్రం ఆమె ఇంటి వైపు.

మగదిక్కు లేని ఇల్లు, ఐదేళ్ళ కూతురు. చీకటి పడేదాకా ఆమె ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని అతణ్ణే చూస్తూ కూర్చునేది.

అంతకుముందు ఒకసారి మంచినీళ్ళు కావాలంటూ గుమ్మం దాకా వచ్చాడు. పాప ఎందుకేడుస్తోందని అడిగాడు. ఆమె గ్లాసు అందించి తలుపేసేసింది.

అప్పట్లో గాలిమర రెక్కల నీడ గోడల మీద పరుగెడితే చాలు, పాప కెవ్వున అరిచి మిషన్ కిందకి దూరేది. ఆమె ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఊరికి తాగునీళ్ళు, ఆసుపత్రి, ఇళ్ళకి కరెంటు, అన్నీ ఆ గాలిమరలు వచ్చాకే. వాటి మీద ఫిర్యాదు చేస్తే ఊరు ఊరుకుంటుందా? నయం, ఈమధ్య పాపకి అలవాటైనట్టుంది. ఏడవడం లేదు.

మర్నాడు ఆమె అన్నని పిలిపించింది.

"భయంగా ఉంది అన్నయ్యా. రేపేదైనా జరిగితే?"

అన్న తిన్నగా గాలిమరల ఆఫీసుకెళ్ళాడు. ఆరా తీస్తే మరో సంగతి బయటపడింది. ఎవరికీ చెప్పకుండా అతను రోజూ సాయంత్రం ఒక గాలిమర ఆపేస్తున్నాడట. పనిలోంచి తీసేశారు. పీడ విరగడైందన్నాడు అన్న.

మధ్యాహ్నం అతను సంచీ భుజాన వేసుకుని గుమ్మం ముందు ఆగాడు. ఆమె కత్తెర గట్టిగా పట్టుకుంది.

"పడమటి కిటికీకి మందపాటి తెర ఒకటి కుట్టుకోండమ్మా" అన్నాడు తల వంచుకుని.

అంటే ఇన్నాళ్ళూ కిటికీలోంచి లోపలికి చూస్తూనే ఉన్నాడన్నమాట. పోతూ పోతూ ఎంత మాట.

"వెళ్తావా, మా అన్నయ్యని పిలవమంటావా?"

వెళ్ళిపోయాడు.

సాయంత్రం గట్టు ఖాళీగా ఉంది. ఆమె హాయిగా మిషన్ ముందు కూర్చుంది.

కుడుతున్న గుడ్డ మీద నల్లగా ఏదో పాకింది. మళ్ళీ పాకింది. గోడల మీదా, నేల మీదా, ఇల్లంతా అదే.

పాప కెవ్వుమని వచ్చి ఆమె కాళ్ళు వాటేసుకుంది. ఏడుస్తూనే గట్టు వైపు చెయ్యి చూపించింది.

"మచ్చ మామయ్య రాలేదేమ్మా? ఆయన అక్కడ నిలబడితేనే కదా అది ఆగేది."